గోడలో గండి

ఇన్నయ్య మాస్టారు ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఏటా ఈస్టరు వెళ్ళగానే శిష్యుల్ని వెంటబెట్టుకుని పల్నాటి పాత చర్చిలన్నీ తిప్పి చూపించేవారు. దారిలో ఎవరేం అడిగినా జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ యేడు వెంట వచ్చిన శిష్యుడు బాలశౌరి అడిగాడు: "మాస్టారూ, ఇంత పాత కట్టడాలను పాడుచేసేవాళ్ళను ఏం చెయ్యాలంటారు?"

"చిలకలమెట్ట చర్చి చూద్దాం పద," అన్నారాయన.

లోపల అడుగుపెట్టగానే శౌరికి ప్రాణం లేచొచ్చింది. మూరెడు మందం సున్నపు గోడలు, టేకు స్తంభాలు, వాటి మీద కమానులు. హాలు మధ్యలో నడుమెత్తు గోడ ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా సాగింది. దాని పొడవునా గచ్చుతో తీర్చిన ద్రాక్షతీగ. ఆకు ఆకుకూ ఈనెలు కనిపిస్తున్నాయి. శౌరి దాన్ని మురిపెంగా నిమురుతూ నడిచాడు. సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి బారెడు మేర గోడ లేదు. ఎవరో పగలగొట్టేశారు. విరిగిన ఇటుకలు అలాగే పళ్ళికిలిస్తున్నాయి.

అతనికి ఒళ్ళు మండిపోయింది. పుస్తకం తీసి, గండి పూడ్చి తీగను కలుపుతూ చకచకా బొమ్మ గీశాడు. "దీన్ని మళ్ళీ కట్టించేదాకా ఊరుకోను. బిషప్పుగారికి రాస్తాను. ఏ మూర్ఖుడు చేశాడో వాడి పేరు కూడా రాస్తాను!"

బెంచీలు తుడుస్తున్న లూర్దమ్మ చేతిలోని గుడ్డ కింద పెట్టింది. డెబ్బై ఏళ్ళుంటాయి ఆమెకు.

"మా అమ్మ పగలగొట్టింది. రాసుకో," అంది.

శౌరి ఆమె వైపు తిరిగాడు.

"పూజ చేసే పీఠం వైపు పెద్దకులాల ఊరోళ్ళు. గోడకి ఇవతల మా పేటోళ్ళం. నా చిన్నప్పుడు మా తమ్ముడు జ్వరమొచ్చి పోతే, శవప్పెట్టెను పీఠం దగ్గర పెట్టి పూజ చేయమని కాళ్ళు పట్టుకున్నాం. గోడ దాటనివ్వలేదు. ఆరేళ్ళ పిలగాడయ్యా వాడు! మా అమ్మ ఇంటికెళ్ళి రోకలి తెచ్చింది. పెట్టె పట్టేంత మేర కొట్టింది. ఒక్కడూ అడ్డం రాలేకపోయాడు. మళ్ళీ కట్టిస్తావా? కట్టించు. నన్ను ఏ పక్కన కూర్చోబెడతావో అది కూడా చెప్పు."

శౌరి తీగ మీంచి చెయ్యి తీసేశాడు. పసివాడి శవాన్ని కూడా దాటనివ్వని గోడకు ఇంత ఓపిగ్గా ద్రాక్షగుత్తులు తీర్చారా అనుకున్నాడు. వాటిని చూసి మురిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గీసిన కాగితం చింపబోయాడు.

మాస్టారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"చింపకు. గండిని కూడా గీసి కొలతలు వెయ్యి. ఆ దారి కట్టినావిడ పేరు అడిగి పక్కన రాయి."