ప్రసూన ల్యాప్‌టాప్, అయ్యోరి కలం

ప్రసూన ఒక ల్యాప్‌టాప్ కొనాలి. డబ్బు బీరువాలో ఉంది. అంగడి వీధి చివరే ఉంది. వెంట రావడానికి మొగుడు ఎప్పుడంటే అప్పుడు సిద్ధం. అయినా నెల రోజులుగా ఆమె కొనలేకపోతోంది.

తిరుపతిలో రెండు గదుల అద్దె ఇల్లు వాళ్ళది. వంటింటి గోడకు ఆనించిన చిన్న బల్ల దగ్గర కూర్చుని ఆమె చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. కంప్యూటర్లో గీసి పంపితే, అచ్చేసేవాళ్ళు దాన్ని గుడ్డ మీదికి ఎక్కిస్తారు. ఇన్నాళ్ళూ వాడుతున్న ల్యాప్‌టాప్ తమ్ముడు కాలేజీలో వాడి వదిలేసింది. దాని తెర మీద నిలువునా ఒక పచ్చగీత పడింది. ఒక పువ్వుకు రంగు మార్చమంటే అది ఆలోచనలో పడుతుంది. ఈలోపు ఆమె లేచి కూరకు పోపు పెట్టి రావచ్చు.

అలాగే నెట్టుకొస్తుంటే, నగరిలో చీరలు నేయించి అచ్చువేయించే షావుకారు ఒకాయన ఆమె అంచులు చూసి ముచ్చటపడ్డాడు. పండగ సరుకు మొత్తానికీ డిజైన్లు నువ్వే ఇవ్వమ్మా అన్నాడు. నెలన్నర గడువు, ఆ చివరి శుక్రవారానికి మొదటి విడత చూపించాలి, కుదరదంటే చెన్నైలో వేరేవాళ్ళున్నారు అని కూడా అన్నాడు. అంత పెద్ద పనిని పాత మిషను మోయలేదు. ఈ పని నిలబడితే ఇంటిపట్టున ఉండి, పిల్లను చూసుకుంటూ నాలుగు రాళ్ళు సంపాదించుకోవచ్చు. పోయిందంటే మళ్ళీ ఫ్లెక్సీలు కొట్టే షాపులో ఉద్యోగానికి పోవాలి. మూడేళ్ళ పిల్లను పొద్దున్నే ఎవరింట్లోనో దించి, పొద్దుగూకాక తెచ్చుకోవాలి. ఆ ముచ్చట ఒకసారి అయింది. పిల్ల పట్టుకున్న చేయి విడిపించుకుని, తాను వెనక్కి చూడకుండా నడిచిన ఆ రోజులు ప్రసూనకు గుర్తున్నాయి.

ఆమె భర్త దామోదరం చీటీ ఎత్తి డబ్బు చేతిలో పెట్టాడు. "చూసి కొనుక్కో. మళ్ళా ఇంత ఒక్కసారిగా రాదు" అన్నాడు.

మంచి మాటే. కాని ఆ మాట విన్న దగ్గరనుంచి ప్రసూనకు అన్నం సయించలేదు.

అడిగినవాళ్ళందరూ చెప్పారు. పుర్రెకో బుద్ధి. తమ్ముడు ఒకటి కొనమన్నాడు. పాత షాపులో పనిచేసిన స్నేహితురాలు దాని జోలికే పోవద్దంది. ఫోన్లో వీడియోలు చేసేవాళ్ళలో ఒకడు దేన్ని నెత్తిన పెట్టుకుంటే, ఇంకొకడు దాన్నే ఏకిపారేశాడు. చెల్లెలికి సంబంధాలు చూసే అన్నలా తయారైంది ప్రసూన. తెర బాగున్నదానికి బ్యాటరీ నిలవదు, బ్యాటరీ నిలిచేదానికి రంగు బాగాలేదు, రంగు బాగున్నది మన అంతస్తుకు అందదు.

చివరికి అంగడాయన విసుక్కోకుండా రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి పలచగా, వెండిలా మెరుస్తోంది. ఉన్న డబ్బు పోసి, ఆ పైన రెండేళ్ళు వాయిదాలు కట్టాలి. రెండోది నల్లగా, లావుగా, ఎత్తితే బరువుగా ఉంది. ఉన్న డబ్బులోనే వస్తుంది. ఆమె ఇంటినుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న అంచును ఆయన అందులోనే తెరిచి చూపించాడు. రంగులు మార్చితే చిటికెలో మారాయి.

"మీ పనికి ఇది చాలు మేడమ్" అన్నాడు.

ఆ "చాలు" ప్రసూనకు గుచ్చుకుంది. ఎవరికి చాలు? నగరి షావుకారుకు చాలుతుందా? చెన్నైవాళ్ళ ముందు చాలుతుందా? రేపు చెప్తానని వచ్చేసింది. ఆ రేపు ఎంతకీ రాలేదు. బజారుకు పోవాలంటే ఆ అంగడి ముందునుంచి కాకుండా సందులోంచి పోవడం మొదలుపెట్టింది.

గడువు శుక్రవారం ఇంక నాలుగు రోజులుందనగా, సోమవారం నాడు పిల్లను పక్కింటామె దగ్గర వదిలి, శ్రీకాళహస్తి బస్సెక్కింది.

అక్కడ చెంగల్రాయయ్య ఉన్నాడు. గుడ్డ మీద వెదురు కలంతో కలంకారీ బొమ్మలు వేసే ముసలాయన. పెళ్ళికి ముందు ప్రసూన ఆయన ఇంటి పంచలో కూర్చునే బొమ్మ నేర్చుకుంది. అక్కడ నేర్చుకున్నవాళ్ళంతా ఆయన్ని అయ్యోరు అంటారు. ఆయనకు ల్యాప్‌టాప్ అంటే మూత ఉన్న పెట్టె అని మాత్రం తెలుసు. ఆ సంగతి ప్రసూనకూ తెలుసు. అయినా వెళ్ళింది. భయం ముదిరినవాళ్ళకు, జవాబు తెలిసినవాళ్ళకన్నా నమ్మకమున్నవాళ్ళే గుర్తొస్తారు.

పంచలో పాలు, కరక్కాయ కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెట్టిన గుడ్డల పులిసిన వాసన. నేల మీద పరిచిన గుడ్డ ముందు అయ్యోరు కూర్చుని ఉన్నాడు. గుడ్డ మీద బొగ్గుతో తేలిగ్గా గీసిన నెమలి ఉంది. ఇంకా నల్లరంగు ఎక్కలేదు.

"రా పాపా. బాగుండావా? బిడ్డ బాగుండాదా?"

"బాగుండాది అయ్యోరా" అంటూనే ప్రసూన కూర్చుని మొత్తం చెప్పేసింది. నగరి పని, శుక్రవారం, మెరిసేది, లావుది, వాయిదాలు, వీడియోలు.

"ఏదన్నా తప్పుది కొనేస్తే, అంతా అయిపోయినట్టే అయ్యోరా. ఏది కొనాలో మీరే చెప్పండి."

"సరే. ఇప్పుడు ఏం గీస్తా ఉండావు? చూపీ."

ప్రసూన ఫోను తీసి ఇచ్చింది. ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని బొటనవేలితో ఒక్కో ఫోటో తోసుకుంటూ పోయాడు. ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్. పాలపళ్ళతో నవ్వుతున్న పిల్ల. మళ్ళీ ల్యాప్‌టాప్.

"అంచులు ఏవి?"

"కొత్తది వచ్చినంక మొదలుపెడదామని..."

"కాగితం మీద కూడా గీయలేదా?"

ప్రసూన తల అడ్డంగా ఊపింది. నెల రోజులుగా తాను ఒక్క పువ్వు కూడా గీయలేదన్న సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. సిగ్గేసింది.

అయ్యోరు ఫోను తిరిగిచ్చాడు. గోడ పట్టుకుని మెల్లగా లేచి, మేకుకు వేలాడుతున్న తన కలాన్ని తీశాడు.

ఆ ఇంట్లో ఎవరి కలం వాళ్ళు కోసుకోవాలి. వెదురు పుల్ల చివర చెక్కి, పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించుకోవాలి. ఒకరి కలం ఇంకొకరు ముట్టరు. అయ్యోరి కలాన్నయితే దుమ్ము దులపడానికి కూడా ఎవరూ తాకరు. ఉన్ని నల్లగా గట్టిపడి, పుల్ల ఆయన వేళ్ళకు అరిగి నున్నగా ఉంటుంది. అయ్యోరి గీతలన్నీ దాంట్లోనే దాగి ఉన్నాయని చిన్నప్పుడు ప్రసూన నమ్మేది. ఒకసారి ఇవ్వమని అడిగితే, నీది నువ్వు కోసుకో పో అని కసిరాడు.

ఇప్పుడు ఆయన దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"నెమలి మెడ గియ్యి."

"ఇది ఎవరో అడిగిన బట్ట గదా అయ్యోరా."

"ఔను. గియ్యి."

ఇనుపముక్కలు, బెల్లం ఊరబెట్టిన నల్లరంగు కుండలో ఉంది. ప్రసూన కలం ముంచింది. ఉన్ని రంగు పీల్చుకుంది. బొటనవేలితో నొక్కితే రంగు కొసకు దిగుతుంది, ఎంత నొక్కాలన్నది చేతికే తెలియాలి. ఆమె చేతికి ఒకప్పుడు తెలుసు. బొగ్గు గీత మీదికి కలం తెచ్చింది. మణికట్టు వణికింది. ఆనించకముందే ఒక చుక్క జారి, నెమలి ముక్కు పక్కన టప్పున పడింది.

ప్రసూన గబుక్కున కొంగు తీసింది.

"తుడవబాక. పోదు."

ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. మొదట లేత బూడిదరంగులో ఉన్న చుక్క, గుడ్డలోని కరక్కాయ తగిలి, చూస్తుండగానే కాటుకంత నల్లబడింది.

"చెయ్యి ఎందుకు వణికింది?" అన్నాడు అయ్యోరు. కోపంగా అడగలేదు.

"మీ కలం గదా."

"నా కలమైతే?"

"నా కలమైతే..." ప్రసూన ఆగింది. "నా కలమైతే, గీత వంకర పోతే కలం మంచిది కాదనుకోవచ్చు. దీంతో ఆ మాట అనలేను గదా అయ్యోరా. తప్పంతా నాదే అవుతాది."

అనేశాక, ఆ మాట ఇంకెవరో అన్నట్టు వినపడింది ఆమెకు. పచ్చగీత పడిన పాత తెర గుర్తొచ్చింది. ఎన్నిసార్లు తన తప్పును దాని మీదికి నెట్టింది! రంగు కుదరకపోతే మిషను. ఆలస్యమైతే మిషను. అచ్చేసేవాళ్ళు పెదవి విరిస్తే, పాపం ఈ మిషనుతో ఇంతకన్నా ఏం వస్తుంది అని తనను తానే ఓదార్చుకుంది. కొత్తది వస్తే ఆ ఓదార్పు పోతుంది.

అయ్యోరు తన కలాన్ని తీసుకుని, దాని బదులు ఒక వెదురు పుల్ల, చాకు, గుప్పెడు ఉన్ని ఆమె ముందు పెట్టాడు. పెట్టి, చెంబెడు నీళ్ళతో పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆమె పుల్ల చెక్కింది. చాకు ఒకటి రెండుసార్లు జారింది. ఉన్ని చుట్టింది, దారం బిగించింది. చూడ్డానికి కొత్తగా నేర్చుకునేవాళ్ళ కలంలా బొద్దుగా ఉంది. ముంచి, ఊపిరి బిగబట్టి, మెడ గీసింది. గీత మధ్యలో కొంచెం లావైంది. అక్కడ ఈకలు పొదిగింది. ముక్కు పక్కన ఆ చుక్క అలాగే ఉంది. దాన్ని కాసేపు చూసి, దానికి ఒక తొడిమ, చిన్న ఆకు పెట్టింది. నెమలి నేరేడుపండు అందుకోబోతోంది. ఇది అంచుకు బాగుంటుందే, అనుకుంది. నెల తర్వాత వచ్చిన మొదటి ఆలోచన అది.

అయ్యోరు వచ్చి పైనుంచి చూశాడు. కడిగిన కలాన్ని మేకుకు తగిలించాడు.

"మరి ఏది కొనమంటారు?" అంది ప్రసూన. పాత అలవాటు, నోరు ఊరుకోలేదు.

"వణుకు పోగొట్టేది ఉండాదా ఆ అంగట్లో?"

"లేదు అయ్యోరా."

"అయితే ఇంకేం చూస్తా ఉండావు?"

ప్రసూన దామోదరానికి ఫోను చేసింది.

"ఆ లావుగా ఉండే నల్లదే. సాయంత్రం పోయి తెచ్చుకుందాం."

"బాగా ఆలోచించినావా? చాలుతుందా అది?" అన్నాడు దామోదరం.

ఆమె గుడ్డ వైపు చూసింది. తాను గీసిన మెడ అప్పుడప్పుడే నల్లబడుతోంది.

"చాలు" అంది.

ఫోను పక్కన పెట్టి, కలం ముంచి, నెమలికి తోక మొదలుపెట్టింది.