గడిలో అడ్డగీత

ఒంగోలు వకీలు వెంకటప్పయ్య గారికి కోర్టులో తప్ప ఎక్కడా వాదించరని పేరు. జూనియర్లు ఏం అడిగినా ముందు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. జవాబు ఆ తర్వాత ఎప్పుడో, ఏదో పని రూపంలో వచ్చేది.

"రోగం కనిపెట్టలేకపోయిన డాక్టరు తప్పేమిటో వినియోగదారుల కమిషన్ ముందు ఒక్క మాటలో ఎలా చెప్పాలండీ?" అని జూనియర్ హైమవతి ఒకనాడు అడిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "రేపు పిచ్చయ్య వస్తాడు. వివరాలన్నీ నువ్వే రాసుకో," అన్నారు.

పిచ్చయ్య టైలరు. డాక్టరు రాసిచ్చిన గ్యాస్ మాత్రలు ఎనిమిది నెలలు మింగాక, క్లోమానికి కాన్సర్ అని, ఆపరేషన్‌కి అదను దాటిపోయిందని తేలింది. తమ్ముడు సుబ్బరామయ్య భుజం ఆసరాతో మెట్లెక్కి వచ్చాడు. హైమవతి గంటన్నర కూర్చుని తేదీలు, మందులు, పరీక్షలు అన్నీ రాసుకుంది. ఆస్పత్రి చీటీలు తిరగేస్తుంటే ఆమెకు పండగే అయింది. కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అన్న గడిలో డాక్టరు ఒక అడ్డగీత గీసి ఊరుకున్నాడు.

"దొరికాడండీ!" అంటూ పరుగున తెచ్చి చూపించింది.

వెంకటప్పయ్య గారు చీటీ చూసి, పిచ్చయ్య వైపు తిరిగారు. "మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు?"

"ఇదే జబ్బయ్యా. మా మేనత్త కూడా ఇదే. నన్నెవరూ అడగలా."

ఆయన చూపు తమ్ముడి మీదికి మళ్లింది. "నువ్వు చూపించుకున్నావా?"

"నాకేందయ్యా, గుండ్రాయిలా ఉంటే!" అని అతను నవ్వాడు. పిచ్చయ్య నవ్వలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, "నా కేసు ఆగితే ఆగనీయండయ్యా. ముందు వీణ్ణి చూపించండి," అన్నాడు.

కేసు ఆగలేదు. వకాల్తా మీద సంతకం మాత్రం కాసేపు ఆగింది. వెంకటప్పయ్య గారు తనకు తెలిసిన కాన్సర్ డాక్టరుకు ఫోన్ చేసి, ఒకే ఇంట్లో ముగ్గురికి వచ్చిందని విడమరచి చెప్పి, మర్నాటికే తమ్ముడికి స్కానింగ్ ఖాయం చేయించారు. ఇరవై ఏళ్లుగా ఆస్పత్రుల మీద కేసులు గెలుస్తున్న మనిషి ఒక డాక్టరుని అంత వినయంగా బతిమాలడం హైమవతి చూడడం అదే మొదటిసారి. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

అన్నదమ్ములు వెళ్లాక ఆమె నోటీసు రాయడానికి కూర్చుంది. ఆయన పొద్దున ఆమె నింపిన వివరాల కాగితాన్ని ముందుకు జరిపారు. 'ఇంటివాళ్ల వివరాలు' అన్న చోట, అవసరం లేదనుకుని ఆమె గీసిన అడ్డగీత ఉంది.

"ముందు ఈ గీత చెరుపమ్మా," అన్నారు కళ్లజోడు తుడుచుకుంటూ. "ఆ డాక్టరు గీత సంగతి తర్వాత చూద్దాం."