అత్త చెయ్యి వదలని చెంగమ్మ

అనగనగా ఉప్పునీళ్ళ సరస్సు ఒడ్డున ఒక ఊరు. ఎండాకాలం వస్తే ఆ సరస్సు కూడా ఊరికి దూరంగా వెనక్కి పోయేది. మంచినీళ్ళు కావాలంటే ఇసకలో చెలమ తవ్వి, ముంతతో తోడి బిందెలు నింపుకోవాల్సిందే. ఊఁ కొడుతున్నావా? కళ్ళు మూస్తే మూశావు గానీ, ఊఁ కొట్టడం మానకు.

ఆ ఊరివాళ్ళు సరస్సులో గుల్లలు ఏరుకొచ్చి, బట్టీలో కాల్చి, సున్నం చేసేవాళ్ళు. కాలిన గుల్లల మీద చెంబుడు నీళ్ళు చిలకరిస్తే చాలు, కుతకుతా ఉడికి పొగలు కక్కేవి. రోజూ అది చూసీ చూసీ, ఒంటి మీద సున్నం పడినా నీళ్ళు తగలనిచ్చేవాళ్ళు కారు. ఆముదం రాసి గుడ్డ చుట్టేవాళ్ళు. గుడ్డ కింద సున్నం తన పని తాను చేసుకుపోయేది.

ఆ ఊళ్ళో పోలమ్మ అని ఒక గయ్యాళి అత్త. ఆమె కోడలు చెంగమ్మ. చెంగమ్మ పుట్టిల్లూ సున్నం కాల్చే ఊరే. వాళ్ళ నాయన కాలు అట్లా ఆముదం గుడ్డ కిందే కుళ్ళిపోయింది. "సున్నం దులిపేసి కుండలకొద్దీ నీళ్ళు పోసుంటే కాలు దక్కేదమ్మా" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. ఆ మాట చెంగమ్మ మనసులో నాటుకుపోయింది.

ఒక ఎండాకాలం పోలమ్మ కాలిన గుల్లల తట్ట ఎత్తుతుంటే తట్ట జారింది. పొడంతా చెమట పట్టిన కుడిచేతి మీద పడింది. చెమట తగిలిన సున్నం ఊరుకుంటుందా? "కాలిపోతా ఉందిరో దేవుడో!" అని ఒకటే గోల.

అప్పుడు చెంగమ్మ పరిగెత్తుకొచ్చింది. తన చేతికి పొడిగుడ్డ చుట్టుకుని, ముందు సున్నమంతా దులిపేసింది. గాజుల కింద ఇంకా ఇరుక్కుని ఉంది. గాజులు తియ్యబోతే పోలమ్మ చెయ్యి లాక్కుంది.

"నా మొగుడు గుండ్రాయిలా ఉంటే గాజులు తీస్తావటే!"

"నేను బతికే ఉండా గదే!" అన్నాడు మామ మునెయ్య. "గాజులు పోతే తెస్తా. చెయ్యి పోతే యాడ తెచ్చేది? తియ్యమ్మా!"

గాజులు ఊడొచ్చాయి. ఆ తర్వాత పక్కింటి రత్తమ్మ ఆముదం సీసా తెచ్చింది. వద్దంటే, "చింతపులుసన్నా పొయ్యవే, సున్నానికి పులుపు విరుగుడు" అంది. చెంగమ్మ రెండూ వద్దని నెట్టేసింది.

ఆ తర్వాత మంచినీళ్ళ బిందె ఎత్తింది. ఇంకేముంది, చుట్టూ చేరినవాళ్ళంతా "నీళ్ళొద్దు, నీళ్ళొద్దు" అని అరిచారు.

"చారెడు పోస్తే ఉడుకుద్ది. బిందెలు పోస్తే ఆ వేడిని నీళ్ళే ఎత్తుకుపోతాయి. మా నాయన కాలు పోయింది చాలు, మా అత్త చెయ్యి పోనియ్యను!" అని చెంగమ్మ ధారగా కుమ్మరించింది.

బిందె అయిపోయింది. కుండ అయిపోయింది. మంట కాస్త తగ్గేసరికి పోలమ్మకు తిట్టే ఓపిక వచ్చింది. "తాగే నీళ్ళే, పాపిష్టిదానా! వదలవే!"

"మంట తగ్గినా సున్నం పోదు అత్తా. ఓర్చుకో" అంది గానీ చెయ్యి వదల్లేదు.

అప్పుడు రత్తమ్మ పోయి తన బిందె తెచ్చింది. ఆమె వెనకాలే ఇంకొకామె. ఎసట్లో పోసిన బియ్యం అన్నమయ్యేంత సేపు చెంగమ్మ పోస్తూనే ఉంది. దానికి భయం లేదనుకున్నావా? ఉంది తల్లీ. భయపడుతూనే పోసింది.

ఆ తర్వాత ఉతికిన గుడ్డ వదులుగా కప్పి, అత్తను బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు చూసి, "పైతోలే కమిలింది, చెయ్యి దక్కింది" అన్నాడు. అప్పుడు గానీ చెంగమ్మ కూలబడలేదు.

పుండు మానిన రోజు పోలమ్మ ఆ చేత్తోనే కోడలికి మొట్టికాయ వేసింది. "ఊళ్ళో మంచినీళ్ళన్నీ పారబోస్తివి గదే!" అంది. ఆ తర్వాత అదే చేత్తో చేపల పులుసన్నం కలిపి, ముద్ద చేసి, కోడలి నోట్లో పెట్టింది. చెంగమ్మ ఆ ముద్ద తింటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

సున్నం పడితే దులపాలి,
నూనె సీసా దాచాలి,
చల్లని నీళ్ళే పొయ్యాలి,
డాక్టరు దగ్గరికెళ్ళాలి.
కథేమో కంచికి చేరాలి,
కన్నేమో నిద్దర పోవాలి!