దాలమ్మ జీపు

విరూపాక్ష శాస్త్రిగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వాళ్ళ ముఖం వంక కాక చేతుల వంక చూసేవారు. ఆ సాయంత్రం పాఠం ముగిసి, అందరం పుస్తకాలు సర్దుకుంటుండగా ఫణిభూషణం లేచి నిలబడ్డాడు. యాభై దాటినవాడు, మాట తక్కువ మనిషి. బీడుపడిన తన పొలాన్ని సొంతంగా సాగుచేసుకోవాలని అతని కోరిక. అన్నదమ్ములేమో నవ్వి, నీకు నాగలి పట్టడమైనా రాదు, ఎవరికైనా అమ్మెయ్యమన్నారట. "గురువుగారూ, పని పూర్తిగా తెలిసినవాడే దానిమీద చెయ్యి వేయాలా? తెలియనివాడు మొదలుపెడితే దాన్ని పట్టుదల అనాలా, మూర్ఖత్వం అనాలా?" అని అడిగాడు. శాస్త్రిగారు అతని చేతుల వంక చూశారు గానీ ఆ రెంటికీ తేడా చెప్పలేదు. మూలికల కోసం మన్యంలో తిరిగిన రోజుల్లో తాను చూసిన సంగతి ఒకటి చెప్పారు.

నేలజర్త అనే కొండ ఊళ్ళో సోంబ్రు అనే అతనికి నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే పాత ఫోర్ వీల్ జీపు ఉండేది. పసుపు, చింతపండు, మనుషులు, అన్నీ అందులోనే కొండ దిగి సంతకు పోయేవి. ఒక వానాకాలం ఆ జీపు మూలపడింది. ఇవాళ చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటుండగానే సోంబ్రుకు జ్వరం ముదిరింది. డోలీ కట్టి ఆసుపత్రికి మోసుకుపోయారు. దారిలో గెడ్డ, అంటే అక్కడి కొండవాగు, పొంగి ఉంది. నీళ్ళు తగ్గుతాయేమోనని అందరూ ఒడ్డున కూర్చున్నారు. నీళ్ళు తగ్గలేదు. భార్య దాలమ్మ ఒడిలో తల పెట్టుకుని సోంబ్రు అక్కడే కన్నుమూశాడు.

అతని అన్న భీమన్న చెడ్డవాడు కాడు. తమ్ముడి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. కొన్నాళ్ళు పోయాక మరదలితో, "ఇంజను సచ్చిపోయింది దాలమ్మా. తుక్కు షావుకారుతో మాటాడీసినాను. ఆ ఇనుం సూత్తంటే నాకు తమ్ముడే కనిపిత్తన్నాడు" అన్నాడు.

"నాకూ కనిపిత్తన్నాడు బావా. అందుకే ఇవ్వను" అంది దాలమ్మ.

ఆ వారం సంతలో ఆమె ఏమీ కొనలేదు, అమ్మలేదు. లారీలు బాగుచేసే మస్తాన్ షెడ్డు ముందు కూర్చుంది. ఏం కావాలని మస్తాన్ అడిగితే, జీపు బాగుచేసుకోవాలంది. డ్రైవర్ని పంపించమన్నాడు. "డ్రైవరు లేడు. నాకు సెప్పు" అంది. మస్తాన్ మొదట విననట్టు తన పని చూసుకున్నాడు. ఎండ వాలేదాకా ఆమె కదలకపోయేసరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఇంజను జోలికి ఇప్పుడే పోవద్దమ్మా. ముందు బ్రేకులు చూడు. కదలని బండి ఎవర్నీ చంపదు, ఆగని బండి చంపుతుంది. ఇంకో మాట. జాకీ ఒక్కదాన్నీ నమ్మి బండి కిందికి దూరకు. దుంగలు పెట్టు" అన్నాడు.

దాలమ్మ ముందు జీపు కడిగింది. మట్టి పోయాక గానీ ఆయిలు ఎక్కడ కారుతోందో కనబడలేదు. సీటు కింద సోంబ్రు దాచుకున్న పానాలు తీసింది. తుప్పు పట్టిన నట్లు కిరసనాయిలు పోసినా లొంగలేదు. పానా జారి చేతి తోలు లేచిపోయింది. గుడ్డ చుట్టుకుని, పానాకు ఇనప గొట్టం తొడిగి దానిమీద ఎక్కి నిలబడింది. "నువ్వైనా ఉండాల, నానైనా ఉండాల" అని నట్టుతో అంటుంటే దారిన పోయేవాళ్ళు, పాపం మొగుడు పోయి మతి చెదిరింది అనుకున్నారు.

భీమన్నతో అనుకున్న ప్రకారం తుక్కు షావుకారు లారీ వేసుకుని వచ్చిననాడు నేను అక్కడే ఉన్నాను, అన్నారు శాస్త్రిగారు. జీపు దుంగల మీద ఉంది. నాలుగు చక్రాలూ గోడకు ఆనించి ఉన్నాయి. షావుకారు చుట్టూ తిరిగి చూసి, "చక్రాలు బిగించమ్మా, తాడు కట్టి లాక్కుపోతాను" అన్నాడు.

"ఊడదియ్యడం ఇయ్యాలే నేర్సుకున్నాను షావుకారూ. బిగించడం ఇంకా రాదు" అంది దాలమ్మ.

అక్కడున్నవాళ్ళు పగలబడి నవ్వారు. భీమన్నకు తల కొట్టేసినట్టయింది. "తెలీని పని ఎందుకు మొదలెట్టినావు? నలుగురిలో నవ్వులపాలు సేత్తావా?" అని అరిచాడు.

దాలమ్మ పానా కింద పెట్టలేదు. "తెలిసినోళ్ళందరూ ఆ రోజు గెడ్డ ఒడ్డునే కూకున్నారు బావా" అంది.

లారీ ఖాళీగానే కొండ దిగింది.

ఆమె పని అంతటితో సజావుగా సాగిందని కాదు. ఒక చక్రంలో బ్రేకు ముక్కలు తిరగేసి బిగించి, మళ్ళీ అంతా విప్పుకుంది. వైర్లు ఎలుకలు కొరికేశాయి. పాడైన ప్రతి ముక్కనూ గంపలో పెట్టుకుని, నెత్తిన మోసుకుని సంతకు దిగేది. దీని పేరేమిటి, ఇది చేసే పనేమిటి, ఇది లేకపోతే ఏమవుతుంది అని మస్తాన్‌ను తినేసేది. చివరికి డీజిలు ట్యాంకు విప్పితే అడుగున బురద, వాననీళ్ళు. కడిగి ఆరబెట్టి, కొత్త డీజిలు పోసి, మస్తాన్ చెప్పినట్టు గొట్టాల్లోని గాలి తీసి, తాళం తిప్పింది. జీపు రెండుసార్లు దగ్గింది. మూడోసారి నల్లటి పొగ చిమ్మి ఇంజను అందుకుంది.

ఊరంతా పరుగెత్తుకొచ్చింది. దాలమ్మ మాత్రం స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. "ఇంతేనా బావా? ఇంత బురదకేనా ఆయన పోయినాడు?" అంది. ఇంజను ఆడుతూనే ఉంది. భీమన్న తిరిగి చూడకుండా ఇంట్లోకి పోయాడు.

సోంబ్రు అలసిపోయినప్పుడు చదును దారిలో జీపు తోలిన అనుభవం దాలమ్మకు ఉంది. ఆ ధైర్యంతోనే గెడ్డలోకి దించింది. నడిమధ్యలో వెనక చక్రాలు ఊరికే తిరిగి, జీపు ఇసుకలో కూరుకుపోయింది. ఎద్దులు కట్టి బయటికి లాగారు. సెప్పలేదా అని నలుగురూ అన్నారు. ఆమె మళ్ళీ మస్తాన్ దగ్గరికి పోయింది. అతను అంతా విని, "ముందు చక్రాలను తిప్పే షాఫ్టు ఉందా అసలు?" అని అడిగాడు. అది లేదు. డీజిలు కలిసొస్తుందని సోంబ్రే ఎప్పుడో విప్పి పశువులపాకలో పడేశాడు. దాలమ్మ దాన్ని పేడలోంచి తీసి, తోమి, తన చేత్తోనే బిగించింది. ఈసారి గెడ్డలో, ముందు చక్రాలకూ బలమిచ్చే చిన్న గేరు కర్ర లాగింది. నాలుగు చక్రాలూ రాళ్ళను పట్టుకున్నాయి. జీపు గుడగుడమంటూ అవతలి గట్టెక్కింది.

మరుసటి వానాకాలం నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషిని ఆ జీపులోనే ఆసుపత్రికి చేర్చారు. తల్లీ బిడ్డా తిరిగి వచ్చారు. భీమన్న మాత్రం ఇప్పటికీ ఆ బండి ఎక్కడు, సంతకు నడిచే పోతాడు. దాలమ్మ కూడా అతన్ని ఎక్కమని అడగదు.

శాస్త్రిగారు ఆగారు. ఫణిభూషణం ముందుకు వంగి, "అయితే ఆ జీపు ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోందన్నమాట" అన్నాడు, తన పొలం కళ్ళ ముందు పచ్చబడినట్టు.

"ఎక్కడ నాయనా!" అన్నారు శాస్త్రిగారు లేస్తూ. "ఎక్కడో ఒకచోట ఆగిపోతూనే ఉంటుంది. దాలమ్మ పానా పట్టుకుని దిగుతుంది."