సహకరించని పేషెంటు

మూడోసారి కూడా ఊపిరి కొలిచే మిషను తెర మీద గీత చిన్న గుట్టలా లేచి పడిపోయింది. డాక్టర్ శ్రీకర్‌కి విసుగొచ్చింది.

"ఊదమ్మా, ఊదు, ఊదు, ఇంకా గట్టిగా. అదిగో, మళ్ళీ ఆపేశావు."

సైదమ్మ గొట్టం నోట్లోంచి తీసి తల దించుకుంది. "అంతే వస్తంది సారూ."

"బడికంతా వండిపెట్టే మనిషివి. అంత గుండిగ దించుతావు, ఇందులోకి ఊదలేవా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గినంతసేపూ మోకాళ్ళు రెండూ దగ్గరికి నొక్కిపెట్టి కూర్చుంది.

పల్నాటిలో ఒక పల్లె బడికి సైదమ్మ మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆర్నెల్లుగా దగ్గు. ఎక్స్‌రే బాగానే ఉంది. కళ్ళె పరీక్షలో క్షయ లేదని తేలింది. అయినా పిల్లల తల్లిదండ్రులు ఊరుకోలేదు. అది ఏ జబ్బో, తగ్గేదో కాదో డాక్టరు చేత రాయించుకు రమ్మన్నాడు హెడ్మాస్టరు. లేకపోతే సోమవారం నుంచి వేరే మనిషి వస్తుందన్నాడు.

శ్రీకర్ ఉబ్బసమని అనుమానించాడు. ఉబ్బసమైతే మందు పీల్చి హాయిగా పని చేసుకోవచ్చు. శ్వాసనాళాలు ఎంత బిగుసుకున్నాయో, మందు పీల్చాక ఎంత తెరుచుకున్నాయో ఈ ఊదే పరీక్ష చెబుతుంది. కానీ మనిషి తన ఊపిరంతా ఒక్క విసురున వదిలితేనే చెబుతుంది. సగం ఊపిరికి అది ఏమీ చెప్పదు.

ఎంత మొండిఘటం చేతనైనా ఊదిస్తాడని శ్రీకర్‌కి కాలేజీలో పేరు. అతని గొంతు అలాంటిది. అందుకే ఈ గుట్ట అతనికి అవమానంగా తోచింది. సైదమ్మని బయట బెంచీ మీద కూర్చోమని, కాగితం మీద 'పేషెంటు సహకరించడం లేదు' అని రాసి, సంతకానికి సిస్టర్ ఇన్నాసమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

సిస్టర్ ఇన్నాసమ్మ సన్యాసిని, ఆ మిషన్ ఆసుపత్రికి పెద్ద డాక్టరు. ఛాతీ జబ్బులు నేర్చుకోవడానికి వచ్చిన శ్రీకర్ లాంటి జూనియర్లందరూ ఆవిడ చేతికిందే నేర్చుకున్నారు. కాగితం చదివింది. మూడు గుట్టలూ చూసింది. సంతకం పెట్టలేదు.

"ఎండ మండిపోతోంది. మజ్జిగ తాగు," అని కుండలోంచి పెద్ద గ్లాసు నిండా పోసింది. అతను తాగగానే ఇంకోటి పోసింది.

"చాలు సిస్టర్."

"తాగు నాయనా. మజ్జిగ దగ్గర మొహమాటమేంటి?"

మూడో గ్లాసు కూడా తాగించి, "వార్డు చూసొద్దాం పద," అంది. ప్రతి మంచం దగ్గరా ఆగింది. ప్రతి పేషెంటు సంగతీ అతని చేత మొదటి నుంచి చెప్పించింది. ఆడవాళ్ళ వార్డు చివరికి వచ్చేసరికి శ్రీకర్ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

"సిస్టర్, ఒక్క నిమిషంలో వస్తాను."

"పనయ్యాక వెళ్ళు. ముందు ఆ మిషను గదిలోకి రా."

తలుపు బార్లా తీసి పెట్టింది. బెంచీ మీద సైదమ్మా, ఆమె పక్కన ఇంకో నలుగురూ లోపలికి చూస్తున్నారు.

"పేషెంటు సరిగ్గా ఊదడం లేదన్నావుగా. ఎలాగో చూపించు."

శ్రీకర్ కొత్త గొట్టం పెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చి వదిలాడు. వదిలిన మరుక్షణం పొట్ట కింద బిగబట్టినదంతా జారిపోతుందనిపించింది. టక్కున ఆపేశాడు. తెర మీద చిన్న గుట్ట.

"ఊదు నాయనా, ఊదు, ఊదు," అంది సిస్టర్, అచ్చం అతని ధోరణిలోనే. "ఇంకా గట్టిగా. కుర్రాడివి, ఇందులోకి ఊదలేవా?"

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. సైదమ్మ నవ్వలేదు.

రెండోసారీ గుట్టే.

"సిస్టర్, నేను బాత్రూముకి వెళ్ళాలి," అన్నాడు శ్రీకర్ గొంతు తగ్గించి.

"వెళ్ళు. ఈలోగా కాగితం రాసి ఉంచుతాను. సహకరించడం లేదనేగా?"

పనైపోయాక కూడా అతను కుళాయి తిప్పి అక్కడే నిలబడ్డాడు. సైదమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. కుర్చీలోంచి లేచేటప్పుడు చీర వెనకవైపు చేత్తో తడిమి చూసుకోవడం గుర్తొచ్చింది. దగ్గు వదలని ఆడవాళ్ళకి గట్టిగా దగ్గినా, ఊదినా మూత్రం జారుతుందని పుస్తకంలో చదివాడు. పరీక్షలో రాశాడు కూడా. మార్కులు బాగానే వచ్చాయి.

తిరిగొచ్చి, మిగతావాళ్ళని మందుల కిటికీ దగ్గర కూర్చోమని పంపించాడు. సైదమ్మ దగ్గరికి వచ్చి, ఆవిడకి మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"సైదమ్మగారూ, ముందు బాత్రూముకి వెళ్ళి రండి. నర్సమ్మ మీకు గుడ్డ ఇస్తుంది. లోపల నేనుండను. సిస్టర్ ఊదిస్తారు, తలుపు వేసుకుని."

ఆవిడ మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"కుర్చీ పాడైతే సారూ?"

"కడుక్కుంటాం."

తలుపు మూసుకుంది. లోపల సిస్టర్ ఒక్క కేక కూడా వేయలేదు. కాసేపటికి ఊపిరి వినిపించింది. ఒక్కసారిగా ఎగదన్ని, సన్నబడి, సాగి సాగి ఆగిపోయింది. తర్వాత దగ్గు. మందు పీల్పించి కాసేపు కూర్చోబెట్టాక మళ్ళీ ఊపిరి, ఈసారి ఇంకా బలంగా.

సిస్టర్ కాగితాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. మొదటి గీత నిటారుగా లేచి, నడుం విరిగినట్టు కిందికి వంగింది. మందు పీల్చాక వచ్చిన గీత నిండుగా ఉంది. ఉబ్బసమే.

హెడ్మాస్టరుకి ఉత్తరం శ్రీకరే రాశాడు. ఇది అంటుకునేది కాదని, మందుతో అదుపులో ఉంటుందని, కట్టెల పొగ లేకుండా గ్యాసు పొయ్యి మీద వండనివ్వమని. పీల్చే మందు ఎలా వాడాలో చూపించి, ఆ ఉత్తరం సైదమ్మకి ఇచ్చాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"దగ్గు తగ్గితే ఆ రెండోదీ తగ్గుద్దా సారూ?"

"చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే దానికీ వైద్యం ఉంది. రండి."

ఆవిడ వెళ్ళాక శ్రీకర్ కాసేపు కాగితాలు సర్దాడు.

"మీకెలా తెలిసింది సిస్టర్? మీతో చెప్పిందా?"

"ఒక్క మాటా అనలేదు." సిస్టర్ ఇన్నాసమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "నాకు డెబ్బై దాటాయి నాయనా. నాకూ దగ్గొస్తుంది."