మూరెడు వైరు, కొండెక్కిన ఇల్లు

కొండవారపేటలో బంటుపల్లి వారి బ్యాండు మేళం ఒకటుంది. అన్నదమ్ములు ముగ్గురే మేళమంతా. పెద్దవాడు చిట్టయ్య క్లారినెట్ ఊదుతాడు. నడిమివాడు పోలయ్య పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. ముప్పై దాటినా అందరూ చిన్నోడా అని పిలిచే ఎర్రన్న తాళాలు కొడతాడు. చిట్టయ్య భార్య నారాయణమ్మ ఏదీ వాయించదు గానీ, ఎప్పుడు మొదలెట్టాలో ఎప్పుడు ఆపాలో ఆవిడే చెబుతుంది. నలుగురూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే మాట మీద ఉంటారు. ఆ మాటేమిటంటే, చుట్టుపక్కల ఏడూళ్ళలో తమంత తెలివైనవాళ్ళు లేరని.

"చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. సొంతంగా ఆలోచించేవాడు ఎక్కడో అక్కడ పొరపాటు పడతాడు," అంటాడు చిట్టయ్య.

దానికి రుజువు కూడా ఉంది వాళ్ళ దగ్గర. ఒకసారి ఒక పెళ్ళిలో పెద్దలు, "పెళ్ళికొడుకు వెనకే ఉండండి, ఎక్కడికెళ్ళినా వదలకండి" అన్నారు. అంతే. పెళ్ళికొడుకు స్నానానికి వెళితే వీళ్ళూ వెళ్ళారు. అతను తలుపేసుకుంటే తలుపు దగ్గర నిలబడి వాయించారు. ఆ అబ్బాయి ఇప్పటికీ వీళ్ళు ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటాడు. "మనమంటే అంత గౌరవం," అంటాడు పోలయ్య.

అయితే ఆ ఏడాది మేళానికి గడ్డుకాలం వచ్చింది. డీజే పెట్టెలొచ్చాక పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. మూడు నెలలుగా పెద్ద డ్రమ్ము మీద పిల్లి పడుకుంటోంది. చిట్టయ్య రోజూ క్లారినెట్ తుడిచి, చూసుకుని, మళ్ళీ సంచిలో పెట్టేవాడు. సరిగ్గా అప్పుడు, ఒక సోమవారం, సంతపేట ఆడపిల్లల హైస్కూలు నుంచి వరహాలమ్మ టీచరు ఫోన్ చేసింది.

"మా హెడ్మిస్ట్రెస్ సుభాషిణి మేడం వచ్చే బుధవారం రిటైరవుతున్నారు. మేళంతో సాగనంపుదామనుకుంటున్నాం. వీడియో కాల్లో ఒక పాట వాయించి చూపించండి. నచ్చితే మీకే ఇస్తాం."

సంతపేట ఎక్కడో లేదు. కొండకి ఇవతల కొండవారపేట, అవతల సంతపేట. బస్సులో చుట్టూ తిరిగి పోతే పదకొండు కిలోమీటర్లు, మేకలదారిన కొండెక్కి దిగితే ముప్పావుగంట. వెళ్ళి ఒక పాట వాయించి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. కానీ టీచరు గారు వీడియో కాల్ అన్నారు కదా.

వీళ్ళింట్లో సిమ్ము వేసి చార్జింగు పెట్టుకునే ఇంటర్నెట్ డబ్బా ఒకటుంది, సబ్బుపెట్టె అంత. దాని మీద అయిదు గీతలు వెలగాలి. వెలిగేది ఒకటే, అదీ వస్తూ పోతూ ఉండేది. దాని మీదే కాల్ కలిపి వాయించడం మొదలెట్టారు. రెండు నిమిషాలు కాగానే ఫోన్లోంచి టీచరు మాట వినిపించింది.

"మీరు ఆగిపోయారండీ."

చిట్టయ్య క్లారినెట్ నోట్లోంచి తీశాడు. "ఆగిపోయామంటున్నారు," అన్నాడు. ఇంకేముంది, ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పోలయ్య డ్రమ్ము కర్ర గాల్లోనే ఉండిపోయింది. ఈలోగా సిగ్నల్ తిరిగొచ్చింది. అవతల టీచరుకి బొమ్మ మాత్రం కదలడం లేదు.

"ఇంకా ఆగిపోయే ఉన్నారు," అంది ఆవిడ.

"ఆవిడ చెప్పాక కదులుతామా," అని పెదవులు కదపకుండా గొణిగాడు ఎర్రన్న.

పావుగంట చూసి ఆవిడ విసిగిపోయింది. "మీ ఇంటికి సిగ్నల్ రావడం లేదు. బయట ఒక యాంటెనా పెట్టించుకోండి. శుక్రవారం పది గంటలకి మళ్ళీ చేస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే వేరే మేళాన్ని చూసుకుంటాం," అని పెట్టేసింది. నారాయణమ్మ "ఇక కదలండి" అనేదాకా వీళ్ళు కదల్లేదు.

మర్నాడు అన్నదమ్ములు ముగ్గురూ బస్సెక్కి సంతపేట వెళ్ళారు. హైస్కూలు గేటు ముందు నుంచే నడిచారు. వరండాలో వరహాలమ్మ టీచరు నిలబడి ఉంది. వీళ్ళు నమస్కారం పెట్టారు. ఆవిడా పెట్టింది. యాంటెనాలు అమ్మే కొట్టు ఎక్కడని అడిగితే చెయ్యెత్తి చూపించింది. "సరే, శుక్రవారం వీడియోలో కలుద్దాం," అంది. "అలాగేనండీ," అని వీళ్ళు ముందుకి పోయారు.

కొట్టు గవరయ్యది. పాతికేళ్ళుగా ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేస్తున్న మనిషి. పలక లాంటి తెల్లటి యాంటెనా, పది మీటర్ల వైరు బల్ల మీద పెట్టి, ఓపిగ్గా చెప్పాడు.

"ఇది బయట పెట్టాలి. డబ్బా మాత్రం ఇంట్లోనే ఉండాలి, ఎండా వానా తగలకూడదు. దీని మొహం టవరు వైపు ఉండాలి, మధ్యలో అడ్డం ఉండకూడదు. వైరు ఎంత పొట్టిదైతే అంత మంచిది, పొడుగు వైరులో సిగ్నల్ దారిలోనే నీరసించిపోతుంది. బిగించే ముందు చేత్తో పట్టుకుని అన్ని వైపులా తిప్పి చూడండి. గీతలు ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ బిగించండి."

ఒక్క ముక్క మర్చిపోకుండా ఎర్రన్న బస్సులో దారిపొడుగునా వల్లెవేశాడు.

ఇంటికి రాగానే నారాయణమ్మ కత్తిపీట తెచ్చింది. చిట్టయ్య వైరు కొలిచి మూరెడు ఉంచి తక్కింది కోసేశాడు.

"ఇంకాస్త పొట్టిగా కోస్తే ఇంకా మంచిదేమో అన్నయ్యా," అన్నాడు పోలయ్య.

"మూరెడు చాలు. మరీ అత్యాశ వద్దు."

వైరు పెట్టబోతే డబ్బాలో దూరలేదు. గవరయ్యకి ఫోన్ చేశారు.

"వైరుకి రెండు చివర్లూ సరిగ్గా ఉన్నాయా?" అని అడిగాడు అతను.

"రెండేమిటండీ, నాలుగున్నాయి," అన్నాడు చిట్టయ్య.

"ఉన్న ముక్కలన్నీ పట్టుకుని రేపు రండి," అన్నాడు గవరయ్య.

బుధవారం అతను మూరెడు ముక్క తీసుకుని, రెండో చివర కొత్త పిన్ను బిగించి చేతికిచ్చాడు. "ఇక దీన్ని కోయకండి," అన్నాడు.

"మీరు చెప్పకుండా ఎందుకు కోస్తామండీ," అన్నాడు చిట్టయ్య నొచ్చుకుంటూ.

ఇక అన్ని వైపులా తిప్పి చూడాలి. యాంటెనాని పీట మీద నిలబెట్టి, పడిపోకుండా తువ్వాలు చుట్టి, ఎర్రన్న నెత్తిన పెట్టుకున్నాడు. డబ్బా ఇంట్లోనే ఉండాలన్నాడు గవరయ్య కాబట్టి వైరు పీకేసి డబ్బాని నారాయణమ్మ ఒళ్ళో పెట్టారు. చిట్టయ్య ముందు ఊదుతూ, పోలయ్య వెనక వాయిస్తూ, తూర్పు వీధి, పడమటి వీధి, చెరుకుతోట గట్టు, అన్ని వైపులా తిప్పారు. ఒక ముసలమ్మ ఎదురొచ్చి పసుపునీళ్ళు పోసింది. ఇద్దరు కొబ్బరికాయలు కొట్టారు. ఏ దేవుడని ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. మూడుసార్లు ఊరు చుట్టి ఇంటికొచ్చాక చిట్టయ్య అడిగాడు.

"ఎన్ని గీతలొచ్చాయే?"

"ఒకటే. మీరు వెళ్ళినప్పుడూ ఒకటే, వచ్చినప్పుడూ ఒకటే," అంది నారాయణమ్మ.

"అయితే ఊళ్ళో ఏ వైపునా లేదన్నమాట," అని తేల్చాడు చిట్టయ్య.

మళ్ళీ గవరయ్యకి ఫోన్. ఈసారి అతను అన్నం తింటున్నాడు.

"దాని మొహం టవరు వైపు ఉందా?"

"టవరు మీ ఊళ్ళో ఉందండీ. ఇక్కణ్ణుంచి చూస్తే కొండే కనపడుతోంది."

"కనపడాల్సింది మీకు కాదు, దానికి."

ఎర్రన్న వెంటనే తడిగుడ్డ తెచ్చి యాంటెనా మొహం శుభ్రంగా తుడిచాడు. అయినా ఒకటే గీత. ఆ మాటే చెబితే గవరయ్యకి ముద్ద గొంతులో అడ్డం పడింది. "కొండ అడ్డముంటే నేనేం చేసేదయ్యా. మీ ఇల్లు ఆ కొండ మీద ఉంటే అయిదుకి అయిదు గీతలూ వచ్చేవి," అని ఫోన్ పెట్టేశాడు.

అంతే. గురువారం తెల్లవారగానే ఇల్లు విప్పడం మొదలెట్టారు.

తాటాకిల్లు కాబట్టి సులువుగానే వచ్చింది. తాటాకులు మోపులు కట్టి పోలయ్య ఎత్తుకున్నాడు. రాటలు ఎర్రన్న భుజానికెత్తుకున్నాడు. తలుపుతో సహా గుమ్మాన్ని చిట్టయ్య వీపుకి కట్టుకున్నాడు. మట్టిగోడల్ని కూడా ఎత్తబోయారు గానీ చేతుల్లోనే రాలిపోయాయి. పక్కింటి సూరమ్మ చీపురు పట్టుకుని అలా నిలబడి చూసింది.

"ఇల్లు మొత్తం ఎందుకురా చిట్టయ్యా, ఆ డబ్బా ఒక్కటీ పట్టుకెళితే సరిపోదా?"

చిట్టయ్య గుమ్మంతో పాటు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. "డబ్బా ఇంట్లోనే ఉండాలి పిన్నీ," అన్నాడు.

పొద్దుగూకేలోపు కొండ నెత్తిన నాలుగు రాటలు పాతారు, కప్పు వేశారు, ముందు గుమ్మం నిలబెట్టారు. నారాయణమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూసింది. "గోడలు లేవు కదా, ఇల్లెలా అవుతుంది?"

"గుమ్మం ఉంది, కప్పు ఉంది. గోడలుంటే సిగ్నల్కి అడ్డం," అన్నాడు చిట్టయ్య. ఆవిడకి నిజమేననిపించింది.

కప్పు మీద యాంటెనా కట్టారు. కప్పు కింద డబ్బా వేలాడదీశారు. మధ్యలో మూరెడు వైరు అతికినట్టు సరిపోయింది. కింద సంతపేట టవరు చెయ్యి చాస్తే అందేలా ఉంది. డబ్బా మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు గీతలు వెలిగాయి. చిట్టయ్య తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "గోడలు పోతే పోయాయి. మేళం నిలబడింది," అన్నాడు.

శుక్రవారం సరిగ్గా పది గంటలకి కాల్ వచ్చింది. వరహాలమ్మ టీచరు ఫోన్లో చూసి ఆశ్చర్యపోయింది. "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో. కానీ చిట్టయ్య ముక్కు ఒక్కటే కనపడుతోంది. ముగ్గురూ కనపడాలి. వాయిస్తూ నెమ్మదిగా వెనక్కి జరగండి, నేను చాలు అంటాను."

ఫోన్ నారాయణమ్మ చేతిలో ఉంది. ముగ్గురూ వాయిస్తూ వెనక్కి జరగసాగారు. గుమ్మం దాటారు. సరిగ్గా అప్పుడే స్కూల్లో గంట కొట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలు గోల చేస్తున్నారని, ఆవిడ ఫోన్ని టీచర్ల గదిలో బల్ల మీద నిలబెట్టి క్లాసుకి పరిగెత్తింది. చాలు అనేవాళ్ళు లేరు. ఇంకేముంది, వీళ్ళు జరుగుతూనే ఉన్నారు. కొండ అంచు దాటి మేకలదారిన అవతలి వైపు దిగడం మొదలెట్టారు, వెనక్కే. పోలయ్యకి ఎలాగూ డ్రమ్ము తప్ప ఏమీ కనపడదు. ఎర్రన్న బ్రహ్మజెముడు పొదకి వీపు ఆనించేశాడు. "చాలు అన్నారా?" అనడిగాడు. "లేదు," అన్నాడు చిట్టయ్య. అయితే సరేనని పొదని కూడా దాటేశాడు. అలా జరిగి జరిగి కొండ దిగి, స్కూలు ఆటస్థలం దాటి, టీచర్ల గది కిటికీకి వీపులు తగిలేదాకా వచ్చారు.

క్లాసు ముగించుకుని వరహాలమ్మ టీచరు అప్పుడే వచ్చింది. ఫోన్లో చూస్తే ఖాళీ గుమ్మం ఒక్కటే ఉంది. కానీ మేళం మాత్రం గది దద్దరిల్లేలా వినిపిస్తోంది.

"మనుషులు పట్టలేదు గానీ, సౌండు చూడండి. పక్కన నిలబడి వాయిస్తున్నట్టు లేదూ?" అంది తోటి టీచర్లతో.

"యాంటెనా పెట్టిస్తే అంతేనండీ," అన్నారు లెక్కల మేష్టారు. "మా ఇంటికీ ఒకటి తెప్పించాలి."

ఆవిడ ఫోన్కేసి వంగి, "చాలు," అంది. కిటికీ అవతల మేళం ఆగింది.

"చాలా బాగుంది. మీరే ఖాయం. బుధవారం నాలుగింటికి స్కూలుకి రండి. మేడం గారిని మేళంతో ఇంటికి చేర్చాలి. దారిలో ఎవరు పిలిచినా ఆపకండి, మర్యాదగా ఉండదు."

"అలాగేనండీ," అంది కిటికీ.

"అలాగే," అని ఆవిడ ఫోన్కి చెప్పి పెట్టేసింది.

బుధవారం నాలుగింటికల్లా మేళం గేటు దగ్గర ఉంది. పిల్లలు పూలు చల్లారు. సుభాషిణి మేడం మెడనిండా దండలతో బయటికొచ్చింది. ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. "ముప్పై రెండేళ్ళు నడిచే వచ్చాను, ఇవాళా నడిచే వెళతాను," అని కారు వద్దంది. మేళం కదిలింది. గేటు దాటాక అందరూ కుడికి తిరగాలి. మేళం ఎడమకి తిరిగింది.

ఊరంతా తిప్పి తీసుకెళుతున్నారేమో, ఎంత గౌరవమో అనుకున్నారు టీచర్లు. ఆటస్థలం దాటి మేకలదారి ఎక్కేసరికి మేడమే అడిగింది.

"బాబూ, మా ఇల్లు అటు."

ఎవరు పిలిచినా ఆపకూడదు. పోలయ్య ఇంకాస్త గట్టిగా వాయించాడు. సగం కొండెక్కేసరికి లెక్కల మేష్టారు ఒక రాయి మీద కూలబడ్డారు. వరహాలమ్మ టీచరు చెప్పు తెగి ఇంకాస్త కిందే ఉండిపోయింది. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మేడం మాత్రం, తనకోసం వాయిస్తున్నవాళ్ళని మధ్యలో వదిలేసి పోవడం మర్యాద కాదని, దండలు సర్దుకుంటూ, రొప్పుతూ, మేళం వెనకే కొండ నెత్తికి చేరింది.

గుమ్మం ముందు మేళం ఆగింది. నారాయణమ్మ ఎదురొచ్చి ఆవిడ కాళ్ళకి నీళ్ళిచ్చింది.

"ఇది ఎవరిల్లమ్మా?" అంది మేడం.

"మాదేనండీ," అన్నాడు చిట్టయ్య. "ఇంటికి చేర్చమన్నారు. ఎవరింటికో చెప్పలేదు. మాకు తెలిసిన ఇల్లు ఇదొక్కటే."

మేడంకి ఇంకా రొప్పు తగ్గలేదు. నారాయణమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళి నులకమంచం మీద కూర్చోబెట్టింది. అంతలో ఫోన్ మోగింది. కింద నుంచి వరహాలమ్మ టీచరు.

"మేడం గారు ఇంటికి చేరారా?"

"ఇప్పుడే చేరారండీ," అంది నారాయణమ్మ.

"అమ్మయ్య," అని టీచరు పెట్టేసింది. మాట అద్దంలా వినిపించింది.

బయట నుంచి చిట్టయ్య అన్నాడు, "రిటైరైన మనిషి, విశ్రాంతి కావాలి. గాలి కొడుతోంది, ఆ తలుపు వెయ్యి."

నారాయణమ్మ తలుపేసి గడియ పెట్టింది. సుభాషిణి మేడం మంచం మీద కూర్చుని కుడి వైపు చూసింది, ఎడమ వైపు చూసింది. ఎటు చూసినా ఆకాశమే. ముగ్గురన్నదమ్ములూ బయట ఉండిపోయారు. కాసేపయ్యాక ఎర్రన్నకి ఆకలేసింది. వెళ్ళి తలుపు తట్టాడు.

"ఎవరది?" అంది నారాయణమ్మ లోపలి నుంచి.