గూటికి చేరిన మాట

పూర్వం ఒక రేవులో వర్తకులు తమ సరుకు కొట్టు తెరిపించుకోవాలంటే కావలివాడికి ఆనాటి రహస్యపు మాట చెప్పాలి. ఎవరి మాట వారిదే, అది ఒక్కసారికే చెల్లుతుంది. రోజూ ఆ మాటను వర్తకుల ఇళ్ళకు చేరవేసే పైడయ్య సెలవు దొరక్క మూడేళ్ళుగా ఇంటి మొహం చూడలేదు.

అతని భార్య నూకాలు తను పెంచిన పావురాల్ని బుట్టలో తెచ్చి, "దొరా, మాటలు వీటితో పంపుకోండి. మా ఆయన్ని ఇంటికి పంపండి" అని సుంకాధికారి భుజంగరాయుణ్ణి వేడుకుంది. ఆయన పావురాల్ని ఉంచుకున్నాడు, పైడయ్యనూ ఉంచుకున్నాడు.

మర్నాడు నూకాలు కావలివాడికి మాట చెప్పి దర్జాగా సరుకు కొట్టు లోపలికొచ్చింది.

అక్కడే ఉన్న రాయుడు అదిరిపడ్డాడు. "నీకెవరు చెప్పారే?"

"మీరు చీటీలు కట్టి వదిలిన పావురాలే, దొరా. అన్నీ మా ఇంటికే వచ్చాయి. పెరిగిన గూటికి తప్ప ఎక్కడికీ పోవవి."

"మరి వర్తకులకు చేరేదెలా?"

"వాళ్ళిళ్ళలో పెరిగిన పావురాల్ని తెప్పించి ఇక్కణ్ణుంచి వదలండి."

"ఇంత తెలిసి నిన్న చెప్పలేదేం?"

"మూడేళ్ళుగా రెండు కంచాలు పెట్టుకుని గుమ్మంకేసి చూస్తున్నాను, దొరా. వదిలితే ఎవరైనా ఇంటికే వస్తారని మీ కళ్ళతో మీరు చూడాలిగా!"